నురగకు కలిపిన జానెడు

మా ఆయన ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే, పడవలు కట్టే కంపెనీలో అని మొదట్లో చెప్పేదాన్ని. కోలారు జిల్లాలో పడవలేమిటని నవ్వేవాళ్లు. పోనీ విమానాలని చెప్పి చూశాను. అప్పుడు నవ్వకుండా నా మొహం వంక చూసేవాళ్లు. అది ఇంకా ఇబ్బందిగా ఉండేది. చివరికి వేమగల్‌లో పని అని చెప్పి ఊరుకోవడం నేర్చుకున్నాను. వేమగల్ అంటే ఏదో ఫ్యాక్టరీ అనుకుంటారు, ఇంకేమీ అడగరు.

నిజానికి అది పడవా కాదు, విమానమూ కాదు. నీళ్ల మీద నడుమెత్తున, అంతకు మించి పైకి లేవకుండా, రెక్కలతో దూసుకుపోయే బండి. నేను బీఎస్సీలో ఫిజిక్స్ చదివాను. ఇంట్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతాను. వాళ్లకు ఈ బండి సంగతి చూపించడానికి ఒక కాగితం చాలు. మా ఇంటి ఎర్ర గచ్చు మీద వంగి కాగితాన్ని జారవిడిస్తే, అది నేలకు తగలకుండా వేలెడు ఎత్తున గోడ దాకా పోతుంది. కాగితానికీ నేలకూ మధ్య ఇరుక్కున్న గాలి దాన్ని మోస్తుంది. అదే కాగితాన్ని నిలబడి వదిలితే తిరగబడి ఎక్కడో పడుతుంది. నేల దగ్గరగా ఉన్నంతసేపే ఆ మోత. మా ఆయన వాళ్ల బండికి నేల బదులు నీళ్లు. పడవ కంటే చాలా వేగంగా, విమానం కంటే తక్కువ ఇంధనంతో, తీరం నుంచి దీవులకు మందులూ మనుషులూ చేర్చవచ్చని వాళ్ల ఆశ.

ఒకరోజు ట్యూషన్‌లో ఒక అమ్మాయి కాగితం జారవిడిచింది. అది మా పాప వదిలేసిన చెప్పుకు తగిలి బోర్లా పడింది.

"నీళ్లు గచ్చు మాదిరి ఉండవు కదా మిస్," అంది ఆ అమ్మాయి. "అలలు ఉంటే ఎట్ల?"

నేను చెప్పు పక్కకు జరిపి, కాగితం మళ్లీ ఆ అమ్మాయి చేతికిచ్చాను. నా భయం అక్కడే మొదలైందనుకుంటాను.

ఆ పని మానెయ్యమని ఆయనతో అనలేకపోయాను. దానికి కారణం ఉంది. అంతకు ముందు ఆయన ఇక్కడే కోలారు దగ్గర నరసాపురంలో బైకుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేసేవాడు. కంపెనీ బస్సు తెల్లవారకముందే వచ్చేది. రోజంతా ఒకటే చోట నిలబడి, ముందుకొచ్చే ప్రతి బండికీ అవే రెండు బోల్టులు బిగించేవాడు. ఇంటికొచ్చాక కూడా అన్నం ముందు కూర్చుని కుడి మణికట్టు తిప్పుతూ ఉండేవాడు. వేమగల్ షెడ్డులో చేరాక ఆ మణికట్టు ఆగింది. అక్కడ పదిమందే. ఆయనే రెక్కకు ఫైబర్ పొరలు అతికించాడు, ఆయనే వైర్లు లాగాడు, నీటి నుంచి బండి ఎంత ఎత్తున ఉందో కొలిచే సెన్సార్లు ఆయనే బిగించాడు. సెలవురోజు కూడా పాపను ఒళ్లో పెట్టుకుని రెక్కలు గీసేవాడు. అలాంటి మనిషిని వెనక్కు రమ్మని ఎలా అడగను?

ఆ కంపెనీ యజమాని బెంగళూరు నుంచి వచ్చిపోయే ఒక ఇంజనీరు. మా ఆయన కంటే నాలుగేళ్లు చిన్న. అయినా అందరికీ సారే.

పెద్ద బండి కంటే ముందు దానికి నాలుగో వంతు ఉండే చిన్న బండి చేశారు. మనిషి ఎక్కడు, గట్టు మీద నిలబడి రిమోట్‌తో నడుపుతారు. దాన్ని కోలారు పక్కన ఒక చెరువులో పరీక్షించారు. ఏళ్ల తరబడి ఎండి, తుమ్మచెట్లు మొలిచిన చెరువది. బెంగళూరు మురుగునీళ్లను శుద్ధి చేసి వదలడం మొదలుపెట్టాక నిండింది. ఒక ఆదివారం నేనూ పాపా చూడ్డానికి వెళ్లాం.

అలలు లేవు. కానీ నురగ ఉంది. గాలికి కొట్టుకొచ్చి కట్ట పొడవునా పేరుకుని ఉంది. తెల్లగా, కదలకుండా, పాలు పొంగి ఆగినట్టు. బండి తిన్నగా పోవడానికి చాలినంత పొడవు కట్ట పక్కనే ఉంది. నురగా అక్కడే ఉంది. సెన్సార్ నురగ పైభాగాన్నే నీళ్లనుకుంటోంది. దాంతో బండి ఉండాల్సిన దానికంటే పైకి పోయి, గాలి మోత తప్పి, రెండుసార్లు పక్కకు ఒరిగి పడింది.

మా ఆయన ప్యాంటు మడిచి తొడల దాకా నీళ్లలోకి దిగాడు. నీటి మీద చిటికెన వేలు ఆనించి చెయ్యి చాచాడు. బొటనవేలు నురగ అంచుకు తగిలింది.

"సరిగ్గా జానెడు ఉండాది సార్," అన్నాడు.

"జానెడా? టేప్ తేలేదా నువ్వు?" అన్నాడు సార్.

"నా జాన తొమ్మిదంగుళాలు సార్. చిన్నప్పటి నించి పెరగలా, తరగలా."

గట్టు మీద అందరూ నవ్వారు. పాప కూడా తన చెయ్యి చాచి చూసుకుంది. సార్ ల్యాప్‌టాప్ తెరిచి, బండిని నడిపే పెట్టెలో ఆ తొమ్మిదంగుళాలు కలిపాడు. సెన్సార్ ఎంత చెబితే దానికి ఇంకో జానెడు కలుపుకుని అదే నిజమైన ఎత్తని పెట్టె అనుకోవాలి. ఆ తర్వాత బండి ఒరగలేదు. నురగను చీల్చుకుంటూ, వెనక తెల్లటి ముక్కలు ఎగరేస్తూ కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. పాప చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక ఆయన చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగినా నురగ వాసన పోలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ జానెడును అక్కడున్న మేమంతా చూశాం. నేనూ చూశాను. తర్వాత అందరం మర్చిపోయాం.

పెద్ద బండి తయారయ్యేసరికి వానలు వెనకబట్టాయి. ఒక సాయంత్రం ఆయన రాగి ముద్ద తింటూ, చారులో వేళ్లు ఆడిస్తూ, "సముద్రం కాడికి తీసకపోతా ఉండాం," అన్నాడు. "నడిపేదానికి ఒక పాత పైలట్ వస్తాడు. పక్కన ఇంగొక సీటు ఉండాది. మీటర్లు చూసేదానికి ఒకరు కావాల."

నేను గిన్నె కింద పెట్టాను. ఆయన చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

"వైర్లన్నీ నేనే లాగినాను కదా. నాకే తెలిసేది," అన్నాడు.

"ఇంజన్ ఆగిపోతే?"

"నీళ్ల మీద కూర్చుంటాది. పడవ మాదిరి. విమానమైతే పడిపోతాది, ఇది పడేదానికి ఎత్తే లేదు."

"అల వస్తే?"

"అల కంటే పైన పోతాం."

"ఎంత పైన?"

ఆయన ముద్ద తుంచి చారులో అద్దాడు. మూడడుగులకు పైకి పోతే మోత తగ్గుతుందని మా ఇద్దరికీ తెలుసు. సముద్రం ఊరికే ఉన్నా అడుగున్నర లేస్తుందని కూడా తెలుసు. మిగిలేది అడుగున్నర.

"ఎదురుగా చేపల పడవ వస్తే? పక్కకు తిప్పితే రెక్క నీళ్లకు తగలదా?"

"ఒరగకుండా తిప్పాల. దూరం నించే చూసుకోని మెల్లగా తిప్పాల."

"వల ఉంటే? వల దూరం నుంచి కనబడుతుందా?"

"ఏమే, ట్యూషన్ పిల్లోళ్లకు పరీక్ష పెట్టినట్ల పెడతా ఉండావు," అని నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడు గొంతు తగ్గించి, "సముద్రం మీద పనికొస్తాదా లేదా అని తెలుసుకునేదానికే కదా పొయ్యేది. చెరువులో తిప్పుకుంటా ఉంటే ఎప్పుడు తెలియాల?" అన్నాడు.

ఆ మాట నిజమే. అయినా ఆ సీట్లో ఆయన కూర్చోకూడదని ఆ క్షణమే మనసులో గట్టిగా అనుకున్నాను. కూర్చునేది మరొకరి మొగుడైతే పర్వాలేదా అని నన్ను నేను అడగలేదు. అడిగి ఉంటే పర్వాలేదనే చెప్పేదాన్ని.

రెక్కలు విప్పి, బండిని లారీ మీద కట్టి, నెల్లూరు వైపు తీరానికి తీసుకుపోయారు. ఒక ఏరు సముద్రంలో కలిసే చోట చేపలవాళ్ల పల్లె ఉంది. అక్కడ తాటాకు పందిరి వేసుకుని మళ్లీ బిగించడం మొదలుపెట్టారు. ఆయన రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేవాడు. పాపకు సముద్రం చూపించేవాడు. పాపకు సముద్రమంటే నాన్న వెనక కదిలే బూడిద రంగు గీత. నేను మాత్రం ఆయన మొహం చూడకుండా ఆ గీతనే చూసేదాన్ని. అది ఎంత కదులుతోందో కొలవాలని ప్రయత్నించేదాన్ని.

పరీక్ష మర్నాడు తెల్లవారుజామున అనగా, ముందురోజు మధ్యాహ్నం మా మామ వరండాలో చాప వేసుకుని చెనక్కాయలు ఒలుస్తున్నాడు. అత్త లేదు, నేను కోడలిగా రాకముందే పోయింది. మామ కోలారు బంగారు గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరుగా చేశాడు. భూమి లోపలికి మనుషులను దించే, పైకి లాగే కేజీని, అంటే ఇనుప బోనును, తాడుతో నడిపే పని అది. గనులు మూతపడ్డాక ఆ ఇంజన్లన్నీ తుప్పు పట్టాయి. మామ మాత్రం ఇప్పటికీ లిఫ్టు ఎక్కితే కళ్లు మూసుకుని అది ఎలా ఆగుతుందో గమనిస్తాడు. బాగా ఆగకపోతే పెదవి విరుస్తాడు.

నేను పాపను నిద్రపుచ్చి వచ్చి కూర్చున్నాను. గాలికి, బంగారం తీశాక గనివాళ్లు పారబోసిన సైనైడ్ దిబ్బ నుంచి సన్నటి దుమ్ము లేచి వరండా అంచున పరుచుకుంటోంది. తుడవాలన్న ధ్యాస కూడా లేదు.

"పొద్దున్నించి గుటక మింగకుండా ఉండావు," అన్నాడు మామ. "సుమ్నె, ఊరికే ఎందుకమ్మా భయపడేది? వాడు ఎక్కే బండి ఎట్లుంటాదో అది చెప్పు నాకు. కాగితం కథ కాదు. లోపల కూర్చున్నోడికి నీళ్లు ఎంత కింద ఉండాయో యాడ తెలిసేది?"

"సెన్సార్ చెబుతుంది మామా. ఒక పెట్టె ఉంటుంది. అది చూసుకుని బండి తనే ఎత్తు సరిచేసుకుంటుంది."

"డ్రైవరు చూడడా?"

"అంత వేగంలో కంటితో కనుక్కోలేరు. పెట్టె చెప్పిందే నమ్మాలి."

మామ ఒలిచిన గింజలు చేటలో వేశాడు. "నాదీ అదే పని. ఇంజన్ హౌస్‌లో కూర్చుండేవాణ్ని. కేజీ నాకు కనపడదు. గంట ఎన్నిసార్లు కొట్టినారో ఇనుకోని లాగేది, దించేది. యాడ నిలపాల? తాడు చుట్టుకునే డ్రమ్ము మీద తెల్లరంగుతో గుర్తు ఉంటాది. ఆ గుర్తు ముల్లు కాడికి వస్తే నిలపాల. కింద నూరుమంది ఉండారా, ఒకడే ఉండాడా, నాకు గుర్తు తప్ప ఏమీ లేదు."

"ఎప్పుడూ తప్పలేదా?"

"ఒకసారి." గొంతులో సిగ్గు వినబడింది. "ఆర్నెల్లకు ఒకసారి తాడు కొన కోసి పరీక్షకు పంపుతారు. కోసినాక తాడు పొట్టిదవుతాది కదా. అప్పుడు డ్రమ్ము మీద గుర్తు మార్చాల. నేను లీవులో ఉండి వచ్చినాను. వాళ్లు కోసినారు, కొత్త గుర్తు పెట్టినారు, పాతది చెరపలేదు. నేను అలవాటు కొద్దీ పాత గుర్తు కాడ నిలిపినాను. మనిషెత్తు పైన నిలిచింది కేజీ."

"మనుషులున్నారా?"

"లేరు. తాడు కోసినాక మొదటి ట్రిప్పు ఖాళీది పోవాల. అది రూలు. ఖాళీది కాబట్టి తిట్లతో పోయింది." కాయ ఒకటి చిదిమి నా వైపు చూశాడు. "వాడి పెట్టెలో గుర్తు యాడ పెట్టినారు?"

"చెరువులో," అన్నాను.

అన్న వెంటనే నాకు మా ఆయన చెయ్యి కనబడింది. నీటి మీద చిటికెన వేలు, నురగ అంచున బొటనవేలు.

చిన్న బండిలో ఉన్న పెట్టెనే పెద్ద బండిలో బిగించారు. కొత్త పెట్టె కంటే అలవాటైన పెట్టె నయమని ఆయనే నాతో చెప్పాడు. సముద్రం మీద జానెడు నురగ లేదు. పెట్టె మాత్రం ఉందనుకుని జానెడు కలుపుకుంటుంది. మూడడుగుల ఎత్తున ఉన్నాననుకుని రెండంబావు అడుగుల ఎత్తున పోతుంది. అలకూ దానికీ మధ్య మిగిలిన అడుగున్నరలో జానెడు పోతుంది.

మామకు చెప్పాను. ఆయన చేట పక్కకు నెట్టి, "పాత గుర్తు చెరపలేదు," అన్నాడు. అంతే. లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చాడు.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి రాయాలి. మా ఆయనకు ఫోన్ చెయ్యడానికి ముందు సార్ నంబరు తీశాను. అత్యవసరానికని గోడ మీద క్యాలెండర్‌లో రాసి ఉంది. మెసేజ్ మొత్తం టైపు చేశాను. పెట్టెలో చెరువు కొలత అలాగే ఉండిపోయిందని, దాన్ని చూసుకోవాల్సింది మా ఆయనేనని, ఆయన మతిమరుపు మనిషని. చివరి మాట అబద్ధం. ఆయన మతిమరుపు మనిషి కాదు. కానీ ఆ మెసేజ్ పంపితే పెట్టె సరి అవుతుంది, సీటూ ఆయనకు దక్కదు. రెండు పనులూ ఒకేసారి అవుతాయి. ఆయనకే చెబితే ఆయన సరిచేసుకుని, ఇంకా ధైర్యంగా ఎక్కి కూర్చుంటాడు.

బొటనవేలు బటన్ మీద ఎంతసేపు పెట్టానో తెలియదు. లోపల పాప నిద్రలో అటు దొర్లి ఏదో గొణిగింది. ఆ మెసేజ్ తుడిచేసి ఆయనకే ఫోన్ చేశాను. మంచితనంతో కాదు. ఫ్యాక్టరీ రోజుల్లో తిరిగిన ఆ మణికట్టు గుర్తొచ్చింది.

గాలి హోరులో ఆయన గొంతు తెగుతూ వచ్చింది. విషయం చెప్పాను.

"అది తీసేసినాం," అన్నాడు వెంటనే.

"ఎవరు తీశారు?"

"సార్ తీసుంటాడు."

"తీశాడా, తీసుంటాడా?"

"ఇదో చూడు, నువ్వు ఈ సీటు వద్దనేదానికి రోజుకొక సాకు తెస్తా ఉండావు. మొన్న వల, నిన్న సొరచేప..."

"సొరచేప నేను అనలేదు. నువ్వే అన్నావు."

"ఇక్కడ పదిమంది ఉండారు నా చుట్టూ. తర్వాత మాట్లాడతాను."

పెట్టేస్తాడని భయం వేసింది. మామ చెయ్యి చాచాడు, ఫోన్ ఇచ్చాను.

"ఏమప్పా," అన్నాడు మామ, మెల్లగా. "బకెట్టు ఉండాదా ఆడ? నీళ్లు పోసి ఆ సెన్సార్ కింద పెట్టు. టేప్‌తో కొలువు. పెట్టె ఎంత చెప్తాదో చూడు. రెండూ ఒకటే అయితే నీ పెండ్లాం తప్పు, నేను దాని చేత నీకు సారీ చెప్పిస్తాను. ఇంగేమీ అడగను." వింటూ కాసేపు ఆగి, "టేప్ తీస్కో. జాన వద్దు," అని పెట్టేశాడు.

ఆయన మళ్లీ చేసేలోపు నేను వరండా రెండుసార్లు ఊడ్చాను. పాప లేచి పాలు అడిగింది, పాలు కాచాను, పొంగిపోయాయి. పొయ్యి మీద ఆ నురగ చూస్తూ నిలబడ్డాను. పాపే వచ్చి నా చీర లాగింది.

ఫోన్ మోగింది. ఎత్తాను.

"ఎంత?" అన్నాను.

"తొమ్మిదంగుళాలు," అన్నాడు.

మళ్లీ ఆయనే, "సార్‌కు చెప్పాల," అన్నాడు. "చెప్తే నన్ను సీట్లో పెట్టడు. సెన్సార్లు నావి. నేను చూసుకోవాల్సింది."

వద్దు, చెప్పకుండా నువ్వే సరిచేసుకో అని నేను అనలేదు. చెప్పు అని కూడా అనలేదు. సీటు పోవాలన్న నా కోరిక నా నోటినిండా ఉంది. ఏం మాట్లాడినా అదే బయటపడుతుందని ఊరుకున్నాను.

"నాన్న ఏదో ఖాళీ ట్రిప్పు అనేవాడు కదా," అన్నాడు ఆయన. "అది కూడా అడుగుతాను."

ఆ రాత్రి గురించి రాయడానికేమీ లేదు. తెల్లవారేసరికి నేనూ మామా వరండాలో ఉన్నాం. సముద్రం పొద్దున్నే కాస్త నెమ్మదిగా ఉంటుందని, ఎండ పెరిగి గాలి మొదలయ్యేలోపు ముగించాలని వాళ్ల లెక్క. సీట్లో ఎవరున్నారో నాకు తెలియదు. రాత్రి ఆయన ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

"గనిలో పెద్ద అదురు వస్తే గిన్నెలు కింద పడేవి," అన్నాడు మామ, నన్ను మాట్లాడించడానికి. "ఆడోళ్లంతా గనిలోకి దిగే షాఫ్టు కాడికి ఉరికేవాళ్లు. మీ అత్త కూడా. నేను లోపలికి దిగే పని కాదు, ఇంజన్ హౌస్‌లో ఉంటానని దానికి తెలుసు. అయినా వచ్చేది. ఏంటికి వచ్చినావంటే, నీ కోసం కాదులే, చూసేదానికి వచ్చినాను అనేది."

వెళ్లి చూడ్డానికి అత్తకు షాఫ్టు ఉండేది. నాకున్నది ఫోన్ ఒకటే. బడి బస్సు వచ్చి పోయింది, పూలామె వచ్చి పోయింది. తొమ్మిది కావస్తుండగా మోగింది.

"నేనే," అన్నాడు.

ఆ మాట విని గోడకు ఆనుకున్నాను.

"సీట్లో ఉన్నావా?"

"లేదు. సార్‌కు చెప్పినాను. ఇసుక మూట కూర్చుండింది నా సీట్లో. నా బరువుకు సరిగ్గా తూచి కట్టినాం." గొంతులో కోపం ఉంది, అలసట ఉంది. ఆ రెంటి కింద ఇంకేదో ఉంది. మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఏటి లోపల బండి బ్రహ్మాండంగా పోయింది. గచ్చు మీద కాగితం లాగే. పెట్టె చెప్పిన ఎత్తూ నిజమైన ఎత్తూ ఒకటే. తర్వాత ముఖద్వారం దాటి బయటి సముద్రం మీదికి పోయింది. పైకి చూస్తే అలలు చిన్నవే. కానీ వాటి అడుగున పొడవాటి పొంగు ఉంది, దూరం నుంచి వచ్చేది. అది గట్టు మీద నుంచి కనబడదు. బండి అడుగు దానికి రెండుసార్లు తాకింది. రెండోసారి ముక్కు పైకి లేచింది. పైలట్ ఇంజన్ తగ్గించి నీళ్ల మీద కూర్చోబెట్టాడు. మళ్లీ లేపాలని చూస్తే లేవలేదు. నీళ్లు బండి అడుగును పట్టుకుని వదలవు, విడిపించుకోవడానికి పోయేటప్పటి కంటే ఎన్నో రెట్లు బలం కావాలి. అలల మధ్య ఆ బలం దొరకలేదు. చివరికి గంటసేపు పడవలా తోసుకుంటూ వెనక్కు తెచ్చాడు. చేపలవాళ్లు తమ పడవల్లో పక్కనే వస్తూ, ఏమన్నా, తాడు వెయ్యాలా అని అడిగారట.

"ఇసుక మూట?" అన్నాను. ఏం అడగాలో తెలియక.

"తడిసి ముద్దయింది," అన్నాడు.

ఇంటికొచ్చాక రెండురోజులు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున నేను దోసెలు పోస్తుంటే వరండాలో మామతో అంటున్నాడు. "ఆ జానెడు అట్లే ఉండుంటే నాయనా, తాకేది రెండుసార్లతో పొయ్యేది కాదు." నేను దోసె తిరగెయ్యడం మర్చిపోయాను. మాడిన వాసనకు ఆయనే లోపలికొచ్చి పొయ్యి ఆర్పాడు. అప్పుడు మాట్లాడుకున్నాం.

ఈ సైజులో బయటి సముద్రం మీద ఇది పనికిరాదని సార్ ఒప్పుకున్నాడట. అలల మీద పోవాలంటే ఎత్తు కావాలి, ఎత్తు కావాలంటే రెక్క ఇంకా వెడల్పు కావాలి, రెక్క పెరిగితే బండే పెరగాలి. ఓడంత చేస్తే తప్ప కుదరదు. అంత కట్టడానికి వేమగల్ షెడ్డు చాలదు. ఈ బండిని పెద్ద చెరువుల మీద, ఏటి ముఖాల్లో, గాలి లేని పొద్దుటిపూట నడపవచ్చు. వచ్చే నెల మళ్లీ అక్కడికే, ముఖద్వారం దాటకుండా, ఏటి లోపలే పరీక్ష. సార్ పెట్టె మీద ఒక కాగితం అంటించాడట. నీళ్లు మారితే కొలత మార్చాలి అని. మా ఆయన చేతిరాతే, సార్ రాయమన్నాడు. శిక్షో గౌరవమో ఆయనకే తెలియలేదు.

"ఈసారి సీట్లో నేనే," అన్నాడు, మాడిన దోసె నా ప్లేట్లోంచి తీసి తన ప్లేట్లో వేసుకుంటూ. "సార్ చెప్పినాడు."

వద్దని అనడానికి నా దగ్గర అన్ని కారణాలూ ఉన్నాయి. వల, గాలి, పొంగు. ఒక్కటీ అనలేదు. ఆ మెసేజ్ సంగతి కూడా చెప్పలేదు. ఎప్పుడు చెబుతానో తెలియదు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఇలా రాసుకుంటున్నాను కాబట్టి చెప్పినట్టే అనుకోవడం కూడా మోసమే.

"ఖాళీది ఒక ట్రిప్పు పోయినాక," అన్నాను.

ఆయన దోసె విరుచుకుని, నమలడం ఆపి, నా వైపు చూశాడు.

"పోయినాక," అన్నాడు.